పాత ఫోన్ ఇంట్లోవాళ్ళకి ఇస్తున్నారా? అకౌంట్ ఇలా మార్చి ఇవ్వండి

కొత్త ఫోన్ కొనగానే పాతది అమ్మకో నాన్నకో ఇంటర్ చదివే తమ్ముడికో పోతది, మన ఇళ్ళల్లో మామూలే. ఎంఎస్‌కి అమెరికా పోయే పిల్లలైతే శంషాబాద్‌లో ఫ్లైట్ ఎక్కే ముందురోజు రాత్రి సూట్‌కేస్ బరువు చూసుకుంటూనే ఫోన్ నాన్న చేతిలో పెట్టి "నీ జీమెయిల్ యాడ్ చేసిన నాన్నా, వాడుకో" అని వెళ్ళిపోతారు. అసలు గొడవంతా ఆ "యాడ్ చేసిన" దగ్గరే మొదలైతది.

ఎందుకంటే ఇంకో జీమెయిల్ యాడ్ చేసినంత మాత్రాన మీది బయటికి పోదు, ఒకే గదిలో ఇంకో మంచం వేసినట్టు రెండూ పక్కపక్కనే ఉంటాయి. నాన్న ట్యాంక్‌బండ్ మీద తీసిన ఫోటో మీ గూగుల్ ఫోటోస్‌లోకి ఎక్కుతది, క్రోమ్‌లో మీరు సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు అక్కడ వాటంతటవే నిండుతాయి, ప్లే స్టోర్‌లో మీ కార్డు అలాగే ఉంటది, ఇంటికొచ్చిన చిన్నపిల్లలు గేమ్ ఆడుకుంటూ ఏదో నొక్కితే డబ్బులు మీకే కట్ అవుతాయి. వాట్సాప్ బ్యాకప్ కూడా మీ 15 జీబీ ఫ్రీ స్పేస్‌నే తింటది. ఇదంతా ఒక ఎత్తు. ఏడాది తర్వాత ఫోన్ స్లో అయిందని ఎవరో పవర్ బటన్, వాల్యూమ్ బటన్ కలిపి నొక్కి రీసెట్ కొడితే, "ఇంతకుముందు ఈ ఫోన్‌లో వాడిన గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అవ్వండి" అని స్క్రీన్ వచ్చి ఫోన్ అక్కడే ఆగిపోవడం ఇంకో ఎత్తు.

ఆ లాక్ పేరు ఫ్యాక్టరీ రీసెట్ ప్రొటెక్షన్, షాపుల్లో ఎఫ్ఆర్‌పీ అంటారు. ఆండ్రాయిడ్ 5.1తో 2015లో వచ్చింది. దొంగ ఫోన్ ఎత్తుకెళ్ళి రీసెట్ చేసినా వాడికి పనికిరాకూడదని పెట్టిన తాళం అది, మంచిదే. కాకపోతే ఫోన్ పట్టుకున్నది దొంగా నాన్నా అనేది దానికి తెల్వదు. అందుకే మీ అకౌంట్ మీ చేత్తోనే, మీరు ఇంట్లో ఉన్నప్పుడే, మీ పాస్‌వర్డ్ మీకు గుర్తున్నప్పుడే తీసెయ్యాలి. ఎయిర్‌పోర్ట్‌కి క్యాబ్ బుక్ చేశాక చేసే పని కాదు, కనీసం వారం ముందు పెట్టుకోండి.

ముందు ఏది కావాలో తేల్చుకోండి

ఫోన్ పూర్తిగా వాళ్ళకే ఇచ్చేస్తున్నారా, లేక ఇద్దరూ వాడుకోవాలా? పూర్తిగా ఇచ్చేస్తుంటే ఒక్కటే దారి: డేటా తీసుకోవడం, అకౌంట్లు తియ్యడం, రీసెట్ చెయ్యడం, వాళ్ళ అకౌంట్‌తో కొత్తగా మొదలుపెట్టడం. ఇద్దరూ వాడాలంటే వేరే యూజర్ ప్రొఫైల్ పెట్టుకోవాలి, దాని సంగతి తర్వాత చెప్తా. "రీసెట్ ఎందుకులే, నావి డిలీట్ చేసి ఇచ్చేస్తా" అనే మధ్యదారి మాత్రం వద్దు, ఏదో ఒకటి మిగిలిపోయే తీరుతది.

స్టెప్ 1: ఫోటోలు, నంబర్లు

గూగుల్ ఫోటోస్‌లో కుడివైపు పైన మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కితే బ్యాకప్ పూర్తయిందా, ఇంకా ఎన్ని మిగిలాయో చూపిస్తది. అది చూసి ఊరుకోకండి. లాప్‌టాప్‌లోనో ఇంకో ఫోన్‌లోనో అదే అకౌంట్‌తో ఫోటోస్ తెరిచి పోయిన వారం తీసిన ఫోటో ఉందా, మూడేళ్ళ కిందటి పెళ్ళి ఫోటో ఉందా, రెండూ వెతకండి. మామూలుగా కెమెరా ఫోల్డర్ ఒక్కటే బ్యాకప్ అయితది, వాట్సాప్‌లో వచ్చిన ఫోటోల ఫోల్డర్ అవ్వదు, దాన్ని బ్యాకప్ సెట్టింగ్స్‌లో విడిగా ఆన్ చెయ్యాలి. చాలామందికి అమ్మమ్మ ఫోటోలు, పాత ఫంక్షన్ ఫోటోలు ఆ వాట్సాప్ ఫోల్డర్‌లోనే ఉంటాయి కాబట్టి ఇది మర్చిపోవద్దు.

ఇక్కడే ఒక పెద్ద ప్రమాదం ఉంది. "ఫోన్ ఖాళీ చేసి ఇద్దాం" అని గూగుల్ ఫోటోస్ యాప్‌లోకి పోయి అన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టేస్తారు. అట్ల చేస్తే ఫోన్‌లోంచే కాదు, క్లౌడ్‌లోంచి, అంటే గూగుల్ దగ్గరున్న కాపీ కూడా పోతది! బ్యాకప్ అయినవి ట్రాష్‌లో 60 రోజులు ఉంటాయి, ఆ లోపు గుర్తొస్తే వెనక్కి తెచ్చుకోవచ్చు, తర్వాత ఇక అంతే. రీసెట్ ఎట్లాగూ ఫోన్ ఖాళీ చేస్తది కాబట్టి డిలీట్ అనే బటన్ జోలికే పోకండి.

కాంటాక్ట్స్‌లో కొన్ని గూగుల్ అకౌంట్‌లో, కొన్ని ఫోన్‌లో, కొన్ని ఇంకా సిమ్ మీదే ఉంటాయి. కాంటాక్ట్స్ యాప్‌లో ఎక్స్‌పోర్ట్ అని ఉంటది, అది నొక్కితే అన్నీ ఒక ఫైల్‌లా వస్తాయి, దాన్ని మీకు మీరే మెయిల్ చేసుకోండి. మెమరీ కార్డ్ ఉంటే తీసేసుకోండి.

స్టెప్ 2: మీ అకౌంట్ తాళాలు ఈ ఫోన్‌లోనే ఉన్నాయేమో చూసుకోండి

చాలామంది ఇరుక్కుపోయేది ఇక్కడే. కొత్త ఫోన్‌లో జీమెయిల్ లాగిన్ అవుదామంటే "మీ పాత ఫోన్‌లో యెస్ నొక్కండి" అంటది, ఆ పాత ఫోన్ అప్పటికే రీసెట్ అయిపోయి ఉంటది. అందుకని రీసెట్‌కి ముందే కొత్త ఫోన్‌లో లాగిన్ అయిపోండి. తర్వాత గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ కింద టూ స్టెప్ వెరిఫికేషన్‌లోకి పోయి బ్యాకప్ కోడ్స్ తీసుకోండి, ఒక్కోటి 8 అంకెలు, మొత్తం 10 కోడ్స్ ఇస్తది, ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తది. కాగితం మీద రాసి పాస్‌పోర్ట్ ఉన్న ఫైల్‌లో పెట్టుకోండి. రికవరీ నంబర్ ఏది ఉందో కూడా చూడండి, మీ ఇండియా నంబర్ ఉండి ఆ సిమ్ రీచార్జ్ లేక ఆగిపోతే ఓటీపీలు రావు.

లాగిన్ కోడ్‌లు ఇచ్చే గూగుల్ అథెంటికేటర్ యాప్ వాడుతుంటే దాంట్లో ట్రాన్స్‌ఫర్ అకౌంట్స్ నొక్కితే క్యూఆర్ కోడ్ వస్తది, కొత్త ఫోన్‌తో స్కాన్ చెయ్యండి. గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకి ఇంకోటి, ఫోన్‌లో చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తుతో ఆఫీస్ యాప్స్ ఉంటే అది వర్క్ ప్రొఫైల్. దాన్ని తీసే ముందు ఆఫీస్ ఐటీ వాళ్ళకి చెప్పి కొత్త ఫోన్‌లో ఆఫీస్ లాగిన్ సెట్ చేసుకోండి, లేకపోతే సోమవారం పొద్దున లాప్‌టాప్‌లోకే పోలేరు.

స్టెప్ 3: డబ్బుల యాప్స్

ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం, బ్యాంక్ యాప్స్, ముందు కొత్త ఫోన్‌లో సెట్ చేసుకుని, తర్వాత పాత ఫోన్‌లో ఒక్కొక్కటి తెరిచి లాగౌట్ అవ్వండి. యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేస్తే చాలనుకుంటారు, చాలదు. యూపీఐ అనేది సిమ్‌తో పాటు ఆ ఫోన్‌కి కూడా ముడిపడి ఉంటది, అందుకే కొత్త ఫోన్‌లో మొదలుపెట్టినప్పుడు మీ సిమ్ నుంచి ఒక ఎస్ఎంఎస్ వెళ్తది. కొత్త ఫోన్‌లో సెట్ చేశాక ఇంట్లోవాళ్ళకి ఒక్క రూపాయి పంపి చూడండి, అది పోయాకే పాత ఫోన్‌లో లాగౌట్ అవ్వండి. ఫోన్ మార్చిన మొదటి రోజు పెద్ద మొత్తాలు పంపనివ్వదు, పరిమితి పెడతది, కాబట్టి కాలేజీ ఫీజు కట్టాల్సిన రోజో ఫంక్షన్ హాల్ అడ్వాన్స్ ఇవ్వాల్సిన రోజో ఈ పని పెట్టుకోకండి.

స్టెప్ 4: వాట్సాప్

వాట్సాప్ నడిచేది ఫోన్ నంబర్ మీద, దాని బ్యాకప్ దాచుకునేది గూగుల్ అకౌంట్‌లో. ఈ రెండూ వేర్వేరు అన్నది మనసులో పెట్టుకుంటే తికమక ఉండదు.

మీ చాట్స్ మీ కొత్త ఫోన్‌కి పోవాలంటే, రెండూ ఆండ్రాయిడ్ అయితే, వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్ కింద ట్రాన్స్‌ఫర్ చాట్స్ ఉంటది, రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి క్యూఆర్ స్కాన్ చేస్తే గూగుల్ డ్రైవ్‌తో పని లేకుండా నేరుగా పోతాయి. చార్జింగ్ పెట్టి చెయ్యండి.

నాన్న ఆ ఫోన్‌లో తన నంబర్‌తో ఇప్పటికే కొన్ని నెలలుగా వాట్సాప్ వాడుతుంటే మాత్రం పద్ధతి వేరు. ఆయన చాట్స్ బ్యాకప్ మీ జీమెయిల్‌లోకి పోతుండొచ్చు. చాట్ బ్యాకప్ స్క్రీన్ తెరిస్తే కింద గూగుల్ అకౌంట్ అని ఏ మెయిల్ ఉందో కనిపిస్తది, దాన్ని నొక్కి ఆయన మెయిల్‌కి మార్చి, మళ్ళీ బ్యాకప్ కొట్టండి. పూర్తయ్యేదాకా ఆగి, పైన ఈరోజు తేదీ, టైమ్ పడిందో లేదో చూడండి. ఇది చెయ్యకుండా రీసెట్ చేస్తే ఆయన మెయిల్‌తో లాగిన్ అయినప్పుడు బ్యాకప్ ఏదీ దొరకదు, ఆ చాట్స్‌లో ఉన్న ప్లాట్ కాగితాల ఫోటోలు, డాక్టర్ రిపోర్టులు అన్నీ పోయినట్టే. ఆరు అంకెల టూ స్టెప్ పిన్ పెట్టి ఉంటే అది కూడా ముందే కనుక్కోండి, మర్చిపోయి రికవరీ మెయిల్ కూడా ఇవ్వకపోతే వారం రోజులు ఆగాల్సి వస్తది. బ్యాకప్‌కి పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్ళైతే అది లేకుండా వాట్సాప్ వాళ్ళు కూడా తెరవలేరు.

స్టెప్ 5: షాపతను పెట్టిన జీమెయిల్

ఈ సంగతి ఎవరూ రాయరు, కానీ సగం ఇళ్ళల్లో అసలు చిక్కు ఇదే. అమ్మ ఫోన్ కొన్నరోజు షాపులో కుర్రాడు గబగబా ఒక జీమెయిల్ క్రియేట్ చేసి ఇచ్చేస్తాడు. పేరు పక్కన ఏవో నాలుగంకెలు, పాస్‌వర్డ్ ఏంటో అమ్మకి తెల్వదు, ఆ అబ్బాయికి ఆ సాయంత్రానికే గుర్తుండదు. ఫోన్ నడిచినన్ని రోజులు ఎవరికీ అవసరం పడదు, రీసెట్ చేసిన రోజే కావాలి.

ఆ అకౌంట్ ఫోన్‌లో ఇంకా లాగిన్ అయి ఉన్నప్పుడే పని తేలిక. సెట్టింగ్స్‌లో గూగుల్, దాంట్లో మేనేజ్ యువర్ గూగుల్ అకౌంట్, సెక్యూరిటీలో పాస్‌వర్డ్ నొక్కండి. పాతది అడుగుతది, మర్చిపోయాం అని నొక్కితే చాలాసార్లు ఆ ఫోన్ స్క్రీన్ లాక్ పిన్‌తోనో, రికవరీ నంబర్‌కి వచ్చే ఓటీపీతోనో మార్చనిస్తది. రికవరీ నంబర్ షాపతనిదే ఉందేమో కూడా చూడండి, ఉంటే వెంటనే అమ్మది పెట్టండి. కొత్త పాస్‌వర్డ్ పెట్టాక అదే రోజు రీసెట్ చెయ్యకండి, 24 గంటలు ఆగమని గూగులే చెప్తది. ఆ పాస్‌వర్డ్‌ని అమ్మ చదువుకునేలా తెలుగులోనో ఇంగ్లీష్ పెద్ద అక్షరాల్లోనో, ఏది చిన్న అక్షరమో ఏది పెద్దదో వివరంగా, ఇంట్లో రేషన్ కార్డు పెట్టే చోట రాసి పెట్టండి. పెద్దవాళ్ళ విషయంలో రాసి పెట్టకపోవడమే పెద్ద రిస్క్ అని నా అభిప్రాయం.

స్టెప్ 6: అకౌంట్లు తియ్యడం

సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్స్ అండ్ అకౌంట్స్ అనో, అకౌంట్స్ అండ్ బ్యాకప్ అనో ఉంటది. దాంట్లో ఉన్న ప్రతి గూగుల్ అకౌంట్‌నీ నొక్కి రిమూవ్ అకౌంట్ కొట్టండి. మెయిల్స్, కాంటాక్ట్స్ ఫోన్‌లోంచి మాయమవుతాయి, కంగారు పడకండి, అకౌంట్‌లో భద్రంగానే ఉంటాయి.

గూగుల్ ఒక్కటి తీస్తే సరిపోదు. సామ్‌సంగ్ ఫోన్‌లో సామ్‌సంగ్ అకౌంట్, రెడ్‌మీ, పోకోల్లో షావొమీ అకౌంట్ ఉంటాయి, వాటికి విడిగా వాళ్ళ లాక్ ఉంటది, సైన్ అవుట్ అవుతుంటే పాస్‌వర్డ్ అడుగుతది. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో పైన మీ పేరు నొక్కి, కింద సైన్ అవుట్. ఫైండ్ మై (పోయిన ఐఫోన్ వెతికే ఆప్షన్) ఆఫ్ అవ్వకపోతే యాక్టివేషన్ లాక్ మిగిలిపోతది, అది పడితే ఆండ్రాయిడ్ కంటే మొండిది. చివరిగా స్క్రీన్ లాక్ కూడా నన్ (None) అని పెట్టెయ్యండి.

స్టెప్ 7: రీసెట్

చార్జింగ్ సగం పైన ఉండాలి. సిమ్ తియ్యండి. సెట్టింగ్స్ పైన సెర్చ్‌లో రీసెట్ అని టైప్ చేస్తే ఎరేజ్ ఆల్ డేటా అనో ఫ్యాక్టరీ డేటా రీసెట్ అనో వస్తది, అక్కడి నుంచే చెయ్యండి, బటన్లు నొక్కి చేసే పద్ధతి వద్దు. ఈసిమ్ వాడుతుంటే దాన్నీ చెరపాలా అని అడుగుతది, అప్పటికే కొత్త ఫోన్‌కి మార్చుకుని ఉంటేనే అవుననండి.

రీసెట్ చేసినా డేటా బయటికి తీస్తారని భయపడేవాళ్ళకి ఒక మాట, ఈమధ్య వచ్చే ఫోన్లలో డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసిన రహస్య రూపంలో ఉంటది, రీసెట్‌తో ఆ తాళంచెవి చెరిగిపోతది కాబట్టి మిగిలిన ముక్కలు ఎవరికీ అర్థం కావు. మెమరీ కార్డ్ సంగతి వేరు, అందుకే ముందే తీసెయ్యమన్నా.

స్టెప్ 8: వాళ్ళ అకౌంట్‌తో మొదలుపెట్టడం

ఇది మీరు పక్కన కూర్చుని, వాళ్ళ చేతనే చేయించండి. లాగిన్ వాళ్ళ మెయిల్‌తో, రికవరీ నంబర్ వాళ్ళది, రికవరీ మెయిల్ మీది పెట్టండి. ఫింగర్‌ప్రింట్ వాళ్ళదే, మీ వేలు కూడా పెట్టి వెళ్ళకండి. ప్లే స్టోర్‌లో కార్డు ఏదీ పెట్టకండి, కొనుగోలుకి ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా సెట్ చెయ్యండి. మీరు కొన్న పెయిడ్ యాప్స్ వాళ్ళ అకౌంట్‌కి రావు, అవి మీ మెయిల్‌కే ఉంటాయి.

అంతా అయ్యాక మీ కొత్త ఫోన్‌లో గూగుల్ అకౌంట్ తెరిచి, సెక్యూరిటీలో యువర్ డివైసెస్ చూడండి. ఆ పాత మోడల్ పేరు ఇంకా ఉంటే నొక్కి సైన్ అవుట్ కొట్టండి.

ఒకే ఫోన్ ఇద్దరు వాడాలంటే

పిక్సెల్, మోటోరోలా, వన్‌ప్లస్ లాంటి చాలా ఫోన్లలో సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద యూజర్స్ అని ఉంటది. యాడ్ యూజర్ కొడితే వాళ్ళ మెయిల్, వాళ్ళ యాప్స్, వాళ్ళ ఫోటోలు పూర్తిగా విడిగా ఉంటాయి, పైనుంచి స్క్రీన్ కిందికి లాగి బొమ్మ నొక్కితే మారిపోతది. కాల్స్, ఎస్ఎంఎస్ ఇవ్వాలా వద్దా అన్నది ఓనర్ చేతిలో ఉంటది. ఎస్ఎంఎస్ ఇవ్వకండి, ఓటీపీలన్నీ కనిపిస్తాయి. మన దగ్గర దొరికే సామ్‌సంగ్ ఫోన్లలో మామూలుగా ఇది ఉండదు, సెక్యూర్ ఫోల్డర్ ఉంటది, మీవి దాంట్లో దాచుకుని మిగతాది వాళ్ళకి ఇవ్వొచ్చు. చాలా రెడ్‌మీల్లో సెకండ్ స్పేస్ ఉంటది. కాసేపు ఎవరికన్నా ఇవ్వాలంటే గెస్ట్ చాలు, బయటికి రాగానే వాళ్ళు చేసింది చెరిపేసే ఆప్షన్ ఉంటది. పిల్లలకైతే గూగుల్ వాళ్ళ ఫ్యామిలీ లింక్ యాప్‌తో వాళ్ళకంటూ ఒక అకౌంట్ చెయ్యండి, మీ మెయిల్ వాళ్ళకి ఇవ్వకండి.

ఇప్పటికే లాక్ పడిపోయి ఉంటే

పిల్లలు డల్లాస్‌లో ఉన్నారు, ఫోన్ కూకట్‌పల్లిలో ఆగిపోయింది. వీడియో కాల్ చెయ్యండి, వాళ్ళకి నిద్ర టైమ్ కాకుండా చూసుకుని. ఫోన్‌ని వైఫైకి కలిపి వాళ్ళ మెయిల్, పాస్‌వర్డ్ చెప్తుంటే టైప్ చెయ్యండి, అక్కడ వాళ్ళ ఫోన్‌లో యెస్ నొక్కుతారు. పాస్‌వర్డ్ మెసేజ్‌లో పంపించుకోకండి. లోపలికి పోయాక ఆ అకౌంట్ తీసేసి, సెట్టింగ్స్‌లోంచి ఇంకోసారి రీసెట్ చేసి, వాళ్ళని పాస్‌వర్డ్ మార్చుకోమనండి.

ఎఫ్ఆర్‌పీ తీస్తాం అని చెప్పే షాపులు కనిపిస్తాయి, యూట్యూబ్ నిండా వీడియోలు ఉంటాయి. వద్దు. ఎక్కడెక్కడి ఫైల్సో ఫోన్‌లో ఎక్కిస్తారు, అదే ఫోన్‌లో నాన్న పెన్షన్ డబ్బుల యూపీఐ పెట్టుకుంటారు. పైగా ఆండ్రాయిడ్ 15 నుంచి ఈ తాళం ఇంకా గట్టిపడింది, సెటప్ దాటేసినా పాత అకౌంట్ చూపించేదాకా కొత్త యాప్ కూడా ఎక్కనివ్వదు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకి

అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో కొన్నా, తెలిసినాయన దగ్గర కొన్నా, డబ్బులిచ్చే ముందు అమ్మేవాళ్ళనే అకౌంట్ తీసి మీ ముందే రీసెట్ చెయ్యమనండి. తర్వాత మీ మొబైల్ హాట్‌స్పాట్‌కి కలిపి మీ మెయిల్‌తో లాగిన్ అయ్యి హోమ్ స్క్రీన్ వచ్చేదాకా ఆగండి, నెట్ లేకుండా సగంలో చూసి సరే అనుకోకండి. పాత అకౌంట్ అడిగినా, పాత పిన్ అడిగినా ఆ ఫోన్ తీసుకోకండి, "ఇంటికెళ్ళి చెప్తా అన్నా" అన్నా సరే.

అలాగే స్టార్ హ్యాష్ 06 హ్యాష్ డయల్ చేస్తే 15 అంకెల ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబర్) వస్తది, బాక్స్ మీద, బిల్లు మీద ఉన్నదాంతో కలవాలి. ఇంగ్లీష్‌లో కేవైఎం (KYM) అని టైప్ చేసి, స్పేస్ ఇచ్చి, ఆ 15 అంకెలు రాసి 14422కి ఎస్ఎంఎస్ పంపండి. ఫోన్ బ్లాక్‌లిస్ట్‌లో ఉందని గానీ, డూప్లికేట్ నంబర్ అని గానీ వస్తే అక్కడి నుంచి వచ్చెయ్యండి.